ముప్పై రెండుకి ఒకటి

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో ఉన్న తెలుగువాళ్ళందరూ శ్యామ్‌సుందర్‌ని డాక్టరుగారనేవారు. ఆయన సూది పొడిచే డాక్టరు కాడు. ఇంజన్ లోపల పెట్రోలు ఎలా మండుతుందన్న సంగతి మీద మూడు వందల పేజీలు రాసి పీహెచ్‌డీ తెచ్చుకున్న డాక్టరు. డెట్రాయిట్‌లోని ఒక కార్ల కంపెనీ ఇంజన్ ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఎవరి కారు దగ్గినా తుమ్మినా ముందు ఆయన్నే అడిగేవారు. ఆయన నిదానంగా విని, కళ్ళజోడు తుడుచుకుని, ఇదీ కారణం అని తేల్చేవాడు. అలా తేల్చడంలో ఆయనకి పాయసం తాగినంత సుఖం. రోగం పేరు చెప్పడం వరకే ఆయన వంతు. బానెట్ ఎత్తి చేతులు నల్లగా చేసుకోవడం జగన్మోహన్ వంతు.

జగన్మోహన్ బెజవాడ ఆటోనగర్‌లో పన్నెండేళ్ళు స్కూటర్ ఇంజన్లు విప్పి బిగించి, బావమరిది స్పాన్సర్ చేస్తే ఎనభై రెండులో భార్య ఉషతో సహా మిషిగన్ వచ్చాడు. చదువు పదో తరగతి, ఆపైన ఐటీఐ. ట్రాయ్ పక్కనున్న వారెన్‌లో ఇనప అచ్చులు కోసే చిన్న షాపులో లేతు మీద పని. శనివారం వస్తే మనవాళ్ళ డ్రైవ్‌వేలలో కార్ల కింద దూరేవాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపించేవి. ఎవరింటికి వెళ్ళినా ఆ కాళ్ళకి టీ తీసుకొచ్చి ఇచ్చేవారని నవ్వుకునేవారు.

ఎనభై ఆరులో ఆ అచ్చుల షాపు మూతపడేలా ఉందని తెలిసింది. "మీ ల్యాబ్‌లో ఊడ్చే పనైనా సరే చూడండి డాక్టరుగారూ" అని అడిగాడు జగన్.

"ఊడ్చే పని దేనికయ్యా? వచ్చే జూన్‌లో టెక్నీషియన్ పోస్ట్ ఓపెన్ అవుతోంది. నేను ఒక మాట చెప్తే మా మేనేజర్ కాదనడు" అన్నాడు శ్యామ్‌సుందర్.

ఆ మాట జగన్ ఇంటికి మోసుకెళ్ళి ఉషకి చెప్పాడు. ఉష దాన్ని దేవుడి పటం ముందు రోజూ చెప్పుకునేది.

ఇక బండి సంగతి. మిషిగన్ సరస్సు ఒడ్డున, ట్రాయ్‌కి నాలుగు గంటల దూరంలో, సిల్వర్ లేక్ అనే చోట ఇసుక కొండలున్నాయి. వేసవి వస్తే మన కుటుంబాలు నాలుగైదు పులిహోర డబ్బాలతో అక్కడికి వెళ్ళి టెంట్లు వేసుకునేవి. రామమోహన్ అనే కెమికల్ ఇంజనీరు ఇసుకలో నడిపే నాలుగు చక్రాల క్వాడ్ ఒకటి కొన్నాడు. అది గేదెలా నెమ్మదిగానే అయినా, అక్కడి అతి పెద్ద కొండని ఎక్కేసింది. పైన నిలబడి రామమోహన్ చెయ్యి ఊపాడు. కింద కుర్చీలో కూర్చుని జీడిపప్పు తింటున్న డాక్టరుగారికి ఆ చెయ్యి ఊపడం నచ్చలేదు. ఇంజన్ల డాక్టరు కింద, ఎరువుల ఇంజనీరు పైన ఉండడమా? ఆ అక్టోబరులోనే పేపర్లో ప్రకటన చూసి, పందేల కోసం చేసిన రెండు వందల యాభై సీసీ టూ స్ట్రోక్ క్వాడ్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చాడు. మన స్కూటర్లకి లాగే దానికీ పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. ముప్పై రెండు పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు ఆయిల్. ఆయిల్ తగ్గితే పిస్టన్ ఒరుసుకుని బిగుసుకుపోతుంది. దాన్నే మెకానిక్కులు పట్టేయడం అంటారు.

ఆ చలికాలమంతా శనాదివారాలు జగన్ శ్యామ్‌సుందర్ గరాజ్‌లోనే గడిపాడు. డాక్టరుగారు గ్రాఫ్ కాగితాల మీద లెక్కలు వేసేవాడు. ఆ లెక్కల ప్రకారం జగన్ సిలిండర్ గోడల్లో పొగ పోయే దారుల్ని ఆకురాయితో రవ్వరవ్వగా పెద్దవి చేసేవాడు. అసలు సైలెన్సర్ తీసేసి, మధ్యలో పొట్ట ఉబ్బిన పందెం పైపు పెట్టారు. వెనక చక్రాలకి తెడ్లలాంటి రబ్బరు పళ్ళున్న ఇసుక టైర్లు వేశారు. పెట్రోలు పోయే ఇత్తడి జెట్లు మార్చి మార్చి చూశారు. జగన్ ఇంజన్ ఆపి స్పార్క్ ప్లగ్ విప్పి, దాని ముక్కు చూసేవాడు. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోలు చాలక ఇంజన్ మాడుతున్నట్టు. దోరగా వేగిన కాఫీ గింజ రంగు రావాలి. మార్చి నెలాఖరుకి వచ్చింది. ఆ రోజు జగన్ ప్లగ్‌ని అరచేతిలో పెట్టుకుని శ్యామ్‌సుందర్ భార్య భానుమతికి చూపించడానికి వంటింట్లోకి వెళ్ళాడు. ఆవిణ్ణి అక్కయ్యా అనేవాడు. ఆవిడ ఆ ప్లగ్ వంక చూసి, "నీకు ఆకలేస్తోందా తమ్ముడూ?" అని అడిగింది.

చలికాలం మొత్తంలో వాళ్ళిద్దరికీ ఒక్క విషయంలోనే మాట తేడా వచ్చింది. ట్యాంకు అడుగున, పెట్రోలు బయటికొచ్చే చోట, చెత్త పోకుండా ఒక సన్నటి జాలీ ఉంటుంది. శ్యామ్‌సుందర్ దాన్ని పీకేసి చెత్తబుట్టలో వేశాడు.

"అదేంటండీ, ఇసకలోకి పోయే బండికి జాలీ తీసేస్తారా?" అన్నాడు జగన్.

"కొండ ఎక్కేటప్పుడు ఫుల్ థ్రాటిల్‌లో ఎంత ఫ్లో కావాలో తెలుసా నీకు? ఇదిగో లెక్క. మెష్ ఉంటే చాలదు."

"లెక్క కరెక్టే అయ్యుంటదండీ. మధ్యలో ఒక చిన్న ఫిల్టరన్నా పెడదాం. ఏ నలుసో పడితే..."

"ట్యాంకులోకి నలుసు ఎలా వస్తుందయ్యా? మూత ఉంటుంది కదా" అన్నాడు శ్యామ్‌సుందర్. జగన్ ఇంకేమీ అనలేదు. జూన్ దగ్గర పడుతోంది మరి.

మే నెలాఖరు సెలవులకి సిల్వర్ లేక్ ప్రయాణం పెట్టుకున్నారు. బయల్దేరే శనివారం పొద్దున బండికి పూజ చేయాలంది భానుమతి. పూజలూ ముహూర్తాలూ ఆవిడ శాఖ. గుంటూరు నుంచి తెప్పించుకున్న పంచాంగాన్ని మిషిగన్ గడియారానికి మార్చి, వర్జ్యం తొమ్మిదీ పదికి వస్తుందని తేల్చింది. అంతకు ముందు ఏడాది గోపాల్ అనే ఆయన గృహప్రవేశానికి కూడా ఆవిడే ముహూర్తం పెట్టింది. పదిరోజుల్లో ఆ ఇంటి బేస్‌మెంట్ నిండా నీళ్ళు వచ్చాయి. అప్పట్నుంచి ఆడవాళ్ళు ఆవిడ హస్తవాసి గురించి నవ్వుతూ అనేవారు. అందులో సగమే నవ్వు. భానుమతికి ఆ సంగతి తెలుసు.

కుటుంబాలన్నీ శ్యామ్‌సుందర్ డ్రైవ్‌వేలో చేరాయి. భానుమతి బండికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. జగన్ అటువైపు నిలబడి, తను స్వయంగా కొలిచి కలిపిన పెట్రోలు డబ్బాతో ట్యాంకు నింపుతున్నాడు. గాలనుకి నాలుగు ఔన్సుల ఆయిల్. భానుమతి అందరి చేతుల్లో అక్షింతలు పెట్టింది. "ఇలాంటి వాటి మీద నాకు నమ్మకం లేదు" అని ఏడాదికి పదిసార్లు చెప్పే శ్యామ్‌సుందర్ అందరికంటే పెద్ద గుప్పెడు తీసుకున్నాడు. బండి తనది, కొండ ఎక్కబోయేది తను.

"ఒక్క నిమిషం ఉండండి డాక్టరుగారూ, మూత పెట్టనివ్వండి" అన్నాడు జగన్.

"తొమ్మిదీ పది అయిపోతోందయ్యా" అని శ్యామ్‌సుందర్ గుప్పెడూ విసిరాడు. మిగతా వాళ్ళూ విసిరారు. జగన్ ట్యాంకు మీద పడ్డ గింజల్ని మోచేత్తో దులిపి మూత బిగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం, పెద్ద కొండ కింద పద్నాలుగు మంది, పిల్లలతో సహా, కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. శ్యామ్‌సుందర్ హెల్మెట్ పెట్టుకుని బయల్దేరాడు. బండి కత్తిలా దూసుకెళ్ళింది. సగం కొండ ఎక్కేసరికి ముందు చక్రాలు పైకి లేచాయి. ఎదురుగా ఇసుక పోయి ఆకాశం కనబడింది. పక్కకి తిప్పి దిగిపోయాడు. రెండోసారీ అక్కడిదాకానే వెళ్ళి తిరిగాడు. భయమేసిందని ఆయనకి తెలుసు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియనివ్వకూడదని కూడా అప్పుడే అనుకున్నాడు.

"టాప్‌లో పవర్ కొంచెం డ్రాప్ అవుతోంది" అన్నాడు హెల్మెట్ తీస్తూ. "జగన్, నువ్వు ఫుల్ థ్రాటిల్‌లో పైదాకా వెళ్ళి, అక్కడ ఇంజన్ కట్ చెయ్. ప్లగ్ కలర్ చూద్దాం."

జగన్ ఉష వైపు చూసి నవ్వి బండెక్కాడు. శ్యామ్‌సుందర్ తిరిగిన చోటు దాటాడు. పిల్లలు లేచి నిలబడ్డారు. అంచు ఇంకో ముప్పై అడుగులుందనగా ఇంజన్ మోత సన్నబడింది, కీచుమంది, చటుక్కున ఆగిపోయింది. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. బండి వెనక్కి తిరగబడి జగన్ కుడి భుజం మీద పడి, అతన్ని వదిలేసి, దొర్లుకుంటూ కిందికి వచ్చింది.

అందరూ పరిగెత్తారు. ఉష చెప్పులు వదిలేసి పైకి, జగన్ దగ్గరికి పరిగెత్తింది. శ్యామ్‌సుందర్ బండి దగ్గరికి పరిగెత్తాడు. ఆ రోజు గురించి తరవాత తలుచుకున్నప్పుడల్లా ఆయనకి ముందు గుర్తొచ్చేది ఇదే. మనిషి పైన పడి ఉన్నాడు, బండి కింద పడి ఉంది, తను కిందికి పరిగెత్తాడు. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తోనే కిక్ నొక్కి చూశాడు. కదల్లేదు. ఆరునెలల లెక్కలు, గ్రాఫ్ కాగితాలు, రామమోహన్ కళ్ళ ముందు బిగుసుకుని పడి ఉన్నాయి.

జగన్‌ని నలుగురూ పట్టుకుని దించారు. కుడి చెయ్యి వేలాడుతోంది. పార్కు రేంజర్ల జీపు వస్తోంది.

"ఆయిల్ ఎంత కలిపావు?" అని అడిగాడు శ్యామ్‌సుందర్.

"ముప్పై రెండుకి ఒకటేనండీ. పెట్రోలు అందలేదు డాక్టరుగారూ, అది ఏడ్చిన ఏడుపు వేరు. ప్లగ్ ఇప్పి చూడండి, తెల్లగా ఉంటది."

"నాకు చెప్తున్నావా? ఆయిల్ సరిగ్గా కలిపితే పిస్టన్ ఎందుకు సీజ్ అవుతుంది? ఆటోనగర్ కొలతలు ఇక్కడ పనికిరావయ్యా. ఒక్క పని అప్పజెప్పాను నీకు, ఒక్కటి."

అందరూ విన్నారు. జగన్ నోరు తెరిచి, భానుమతి వైపు ఒకసారి చూసి, మళ్ళీ మూసుకున్నాడు. నొప్పి వల్లేమో అనుకున్నారు. శ్యామ్‌సుందర్ ప్లగ్ విప్పలేదు. కారణం తెలిసిపోయాక విప్పి చూడడం దేనికి? బండిని అలాగే ట్రైలర్ మీదికి ఎక్కించి, ఇంటికెళ్ళి గరాజ్ మూలన పెట్టి టార్పాలిన్ కప్పేశాడు.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. డాక్టరుగారి నోరు ఇసుకలో జారి ట్రాయ్ దాకా, వారెన్ దాకా వెళ్ళింది. "పాపం మంచివాడే గానీ జాగ్రత్త తక్కువట" అనడం మొదలెట్టారు. బ్రేకుల పని జగన్‌కి ఇవ్వాలంటే పిల్లలున్న వాళ్ళు జంకారు. ఎలాగూ కుడి చెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఎవరూ పిలవకపోయినా తప్పుగా కనిపించలేదు. జూన్‌లో మేనేజర్ అడిగాడు, నువ్వు చెప్పిన మనిషి ఎలాంటివాడని. "చేతి పని బాగానే ఉంటుంది. కొలతల్లో కేర్‌ఫుల్ కాదు" అన్నాడు శ్యామ్‌సుందర్. ఆ పోస్టు ఇంకెవరికో వెళ్ళింది. అచ్చుల షాపు సెప్టెంబరులో మూతపడింది.

నవంబరులో, థాంక్స్‌గివింగ్ మర్నాడు, ఎలాగైనా ఆ బండిని అమ్మేద్దామని శ్యామ్‌సుందర్ టార్పాలిన్ తీశాడు. ముందు ప్లగ్ విప్పాడు. దాని ముక్కు సున్నంలా తెల్లగా ఉంది.

ఆయన దాన్ని వెలుతురులోకి తెచ్చి మళ్ళీ చూశాడు. ఆయిల్ తగ్గితే ప్లగ్ అలా పాలిపోదు. తెల్లబడిందంటే పెట్రోలు అందలేదన్నమాట. అది చెప్పడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. భుజం విరిగి పడి ఉన్న మనిషి చెప్పాడు. కార్బురేటర్ ఊడదీసి, పెట్రోలు లోపలికొచ్చే ఇత్తడి రంధ్రంలో సన్నటి తీగ పెట్టి తోశాడు. ఏదో అడ్డు తగిలింది. తిప్పి తట్టాడు. అరచేతిలో ఒక సగం విరిగిన బియ్యపుగింజ పడింది. ఆరు నెలలు పెట్రోల్లో ఉన్నా దాని పసుపు ఇంకా పోలేదు.

ఆయనకి అంతా ఒక్కసారిగా అర్థమైంది. పూర్తి వేగం అందుకోనంత సేపూ ఆ గింజ పక్కనుంచి కారే పెట్రోలు ఇంజన్‌కి సరిపోయింది. భయపడి సగంలో తిరిగొచ్చిన తనకి అందుకే ఏమీ కాలేదు. పూర్తి వేగంతో వెళ్ళినవాడికి చాలక ఇంజన్ మాడి పట్టేసింది. జాలీ ఉంటే గింజ ట్యాంకులోనే ఆగిపోయేది. మూత పెట్టేదాకా ఆగి ఉంటే అసలు ట్యాంకులో పడేదే కాదు. "ఒక్క నిమిషం ఉండండి డాక్టరుగారూ" అన్న మాట చెవి పక్కనే ఎవరో అన్నట్టు వినబడింది. ఆ గరాజ్‌లో ఎవరూ లేకపోయినా శ్యామ్‌సుందర్‌కి సిగ్గుతో మొహమంతా మండింది.

ఆ గింజని పారేయవచ్చు. ఆయనకి ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. చెత్తబుట్ట దాకా వెళ్ళాడు కూడా. చివరికి కెమెరా ఫిల్ము వచ్చే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి జేబులో పెట్టుకున్నాడు. రేపు చెప్దాం, శనివారం చెప్దాం అనుకుంటూ మూడు వారాలు ఆఫీసుకి మోసుకెళ్ళి తీసుకొచ్చాడు. ల్యాబ్‌లో కొత్త టెక్నీషియన్ గుడ్ మార్నింగ్ చెప్పినప్పుడల్లా ఆయన చెయ్యి జేబులోకి పోయేది.

భానుమతి ప్యాంటు ఉతకడానికి తీసి, డబ్బా ఊపి చూసింది. "ఇదేంటండీ, ఫిల్మ్ అనుకున్నాను, గిలక్కాయలా మోగుతోంది?"

ఆయన మొత్తం చెప్పాడు. ఆవిడ గింజని వేలి కొస మీద పెట్టుకుని చూసింది.

"ఇది ఎవరు వేసింది?"

"నేనే. మూత తీసి ఉన్నప్పుడు ముందు వేసింది నేనే."

"నేను వేసిందైతే ఈపాటికి అందరికీ చెప్పేసి ఉండేవారు" అంది భానుమతి. డబ్బా మూత పెట్టి ఆయన చేతికిచ్చి, బట్టలు తీసుకుని బేస్‌మెంట్‌లోకి వెళ్ళిపోయింది. ఆవిడ అన్నది నిజం.

ఆ సాయంత్రమే జగన్ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాడు. జగన్ అప్పుడే, అచ్చుల షాపు మూతపడ్డాక కుదిరిన డోనట్ షాపు పని నుంచి వచ్చాడు, యూనిఫాం టోపీ ఇంకా తీయలేదు. ఎడం చేత్తో కుర్చీ లాగి వేశాడు. ఉష టీ పెట్టడానికి వెళ్ళింది. శ్యామ్‌సుందర్ దారంతా తయారు చేసుకున్న మాటలన్నీ మర్చిపోయి, డబ్బా తెరిచి బల్ల మీద బోర్లించాడు.

"కార్బురేటర్‌లో దొరికింది. నువ్వు ఆయిల్ సరిగ్గానే కలిపావు జగన్."

జగన్ గింజని చూశాడు. ఆశ్చర్యపోలేదు. "అయ్యుండొచ్చని అనుకున్నానండీ. ఆ రోజు ట్యాంకు మీద దులిపేటప్పుడే అనుమానం. కొండ మీద బండి ఏడ్చిన ఏడుపుకి కన్‌ఫర్మ్ అయింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అక్కయ్య అక్కడే ఉంది కదండీ. పూజ చేసింది ఆవిడ, అక్షింతలు ఆవిడవి. ఇందువల్ల నా భుజం విరిగిందంటే ఆడవాళ్ళు ఆవిణ్ణి వదిలిపెడతారా? గోపాల్ గారి ఇంటి సంగతే ఇంకా మర్చిపోలేదు. ఆవిడ నాకు ఆ చలికాలమంతా అన్నం పెట్టింది."

శ్యామ్‌సుందర్ తల ఎత్తలేకపోయాడు. బల్ల మీద గింజ వైపే చూస్తూ, "అవి భానుమతి వేసినవి కావు. నేను వేసినవి. నువ్వు ఆగమన్నావు, నేను ఆగలేదు" అన్నాడు.

ఉష టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అన్నయ్యగారూ, ఆ రోజు ఇసకలో మీరు ఆ మాట అన్నప్పుడు పద్నాలుగు మంది విన్నారు" అంది. "ఇవాళ మేం ఇద్దరమే ఉన్నాం."

"చెప్తానమ్మా. అందరిలో చెప్తాను."

చెప్తానన్న మనిషి చెప్పడానికి మళ్ళీ నాలుగు నెలలు పట్టింది. జనవరిలో, తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్ జరిగింది. పిల్లలు గోల చేస్తున్నారని చెప్పలేదు. ఫిబ్రవరిలో గోపాల్ ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగింది. శుభమా అని వ్రతం చేసుకుంటుంటే బాగుండదని చెప్పలేదు. సాకులకి కరువొచ్చేలోగా ఏప్రిల్ వచ్చింది, రామమోహన్ కొత్త వ్యాన్ కొన్నాడు. పూజకి రమ్మని భానుమతినే పిలిచాడు. జగన్ దంపతుల్ని కూడా పిలవమని భానుమతి చెప్పింది. ఎందుకో శ్యామ్‌సుందర్‌కి తెలుసు.

రామమోహన్ డ్రైవ్‌వేలో మళ్ళీ ఆ కుటుంబాలే. భానుమతి వ్యాన్‌కి బొట్టు పెట్టి, పళ్ళెం పట్టుకుని అక్షింతలు పంచింది. మొగుడి దగ్గరికి వచ్చి, ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆయన గుప్పెట్లోకి తీసుకున్నాడు. చెయ్యి చెమట పట్టింది.

"ఒక్క మాట" అన్నాడు. అందరూ తిరిగి చూశారు. శ్యామ్‌సుందర్ ఎవరి కళ్ళలోకీ చూడకుండా, వ్యాన్ నంబరు ప్లేటుకి చెప్పినట్టు చెప్పాడు. జాలీ తీసింది తనేనని, మూత పెట్టకముందే అక్షింతలు వేసింది తనేనని, సగం కొండలో భయపడి తిరిగొచ్చింది తనేనని, ఆయిల్ కొలత సరిగ్గానే ఉందని, జగన్‌ది ఏ తప్పూ లేదని, మేనేజర్‌తో చెప్పిన మాట కూడా దాచకుండా అన్నీ చెప్పాడు. చెప్పి, తిట్లకి సిద్ధపడి నిలబడ్డాడు. వాళ్ళు ఛీ అంటే ఏమనాలో, వెళ్ళిపొమ్మంటే ఎలా వెళ్ళాలో నాలుగు నెలలుగా ఆలోచించి పెట్టుకున్నాడు.

ముందుగా రామమోహన్ నవ్వాడు. "మూడు వందల పేజీల థీసిస్‌ని బియ్యపుగింజ ఆపేసిందన్నమాట" అన్నాడు. అంతే, అందరూ పగలబడి నవ్వారు.

"పోనీలెండి అన్నయ్యగారూ, మీరు కావాలని చేశారా ఏంటి" అంది రామమోహన్ భార్య నళిని.

"భయపడ్డానని కూడా చెప్పాడు చూడండి, పెద్ద మనసు" అన్నాడు గోపాల్. "ఏవోయ్ జగన్, శనివారం ఖాళీయేనా? నా కారు బ్రేకులు కుయ్యిమంటున్నాయి."

ఒక నిమిషం కూడా పట్టలేదు. జగన్ మీద పడ్డ మాట పదకొండు నెలలు ఊరంతా తిరిగింది. శ్యామ్‌సుందర్ తన మీద వేసుకున్న మాట నిమిషంలో వేడుక కథ అయిపోయింది. గింజ ఏ రంధ్రంలో ఇరుక్కుందో మళ్ళీ చెప్పమని ఎవరో అడుగుతున్నారు. ఛీ అంటే బాగుండునని ఆయనకి అనిపించింది. భానుమతీ ఉషా మాత్రం నవ్వలేదు.

జగన్ ఆ నవ్వుల్లో లేడు. వ్యాన్ పక్కకి వెళ్ళి, ఎడం చేత్తో పెట్రోలు ట్యాంకు మూత తిప్పి చూసి, దాని మీది చిన్న తలుపు నొక్కి, తిరిగి వచ్చాడు.

శ్యామ్‌సుందర్ తన గుప్పెడు విప్పి అతని ముందుకు చాపాడు. "జగన్, మొదటి అక్షింతలు నువ్వు వెయ్యి" అన్నాడు. "అవునవును, జగనే వెయ్యాలి" అన్నారు అందరూ ఉత్సాహంగా.

జగన్ వ్యాన్ కప్పు వైపు చూశాడు. తన కుడి చెయ్యి ఎత్తాడు. అది భుజం దాకా వచ్చి అక్కడ ఆగింది. రెండోసారీ ఎత్తి చూసి, దించేశాడు.

"నా చెయ్యి అంత ఎత్తు లేవదండీ" అన్నాడు, బండికి ఏం పాడైందో చెప్పే గొంతుతో. "మూత బిగించాను డాక్టరుగారూ. మీరే వెయ్యండి."

నవ్వులు ఆగిపోయాయి. అందరూ అక్షింతలు పట్టుకుని ఆయన కోసం చూస్తున్నారు. శ్యామ్‌సుందర్ చెయ్యెత్తి వ్యాన్ మీద వేశాడు. సగం గింజలు చెమటకి అరచేతికే అంటుకుపోయాయి. ఆయన వాటిని దులుపుకోలేదు.